జపాన్ ముందుండగా డిజిటల్ టీవీ అమెరికాలో ఎందుకు పుట్టింది?

సంకేత (ప్రశ్న):

జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే 1964 నుంచే హై డెఫినిషన్ టెలివిజన్‌పై పరిశోధన చేసి, బొమ్మను 1,125 అడ్డగీతలుగా చూపే ‘హైవిజన్’ను 80లలోనే ప్రపంచానికి చూపించింది. అప్పటికి అమెరికా 525 గీతల దగ్గరే ఉంది. టీవీల తయారీలోనూ అక్కడి కంపెనీలు చాలావరకు చేతులెత్తేశాయి. అయినా గాలిలో హెచ్‌డీ చిత్రాన్ని పూర్తిగా డిజిటల్‌గా పంపే పద్ధతి అమెరికాలోనే రూపుదిద్దుకోవడానికి కారణమేమిటి? స్టూడియోల కోసం డిజిటల్ వీడియో ప్రమాణం 1982లోనే అంతర్జాతీయంగా ఖరారైంది కాబట్టి, జపాన్ ఇంజనీర్లకు ఆ విద్య తెలియక కాదనే అనుకుంటున్నాను.

తరంగిణి:

సంకేత గారూ, తెలియక కాదు. మీరు చెప్పిన స్టూడియో ప్రమాణం ప్రకారం మామూలు చిత్రానికే సెకనుకు 21.6 కోట్ల బిట్లు కావాలి. దాన్ని ఇళ్లకు ప్రసారం చేయడం అప్పట్లో ఊహకందని పని. అందుకే ఎన్‌హెచ్‌కే ‘మ్యూజ్’ పద్ధతిని ఎంచుకుంది: పంపే చోటా అందుకునే చోటా డిజిటల్ లెక్కలు జరిగినా, ఉపగ్రహం మీదుగా వచ్చేది అనలాగ్ సంకేతమే.

అమెరికాలో అసలు తగవు బొమ్మ నాణ్యత గురించి కాదు, స్పెక్ట్రం, అంటే ప్రసారాలకు పంచే రేడియో తరంగాల స్థలం గురించి. టీవీ చానళ్ల మధ్య ఖాళీగా పడివున్న యూహెచ్‌ఎఫ్ స్థలాన్ని పోలీసు, అంబులెన్స్, సరకు రవాణా రేడియోలకు ఇవ్వాలన్న ఒత్తిడి పెరగడంతో, భవిష్యత్తులో హెచ్‌డీకి అది అవసరమని ప్రసారకర్తలు 1987లో అక్కడి ప్రసార నియంత్రణ సంస్థ ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్‌ను ఆశ్రయించారు. స్థలం కాపాడుకోవడానికి హెచ్‌డీని అడ్డం పెట్టారన్నమాట. కమిషన్ రిచర్డ్ వైలీ అధ్యక్షతన సలహా సంఘాన్ని వేసింది. 1990లో మరో మెలిక పెట్టింది: పాత టీవీలకు పాత ప్రసారం సాగుతూనే ఉండాలి, కొత్త హెచ్‌డీ విడిగా ఒక్క 6 మెగాహెర్ట్జ్ చానల్‌లో ఇమడాలి, పక్క చానళ్లను చెడగొట్టకూడదు. అదే ఏడాది జూన్‌లో శాన్ డియాగోలోని జనరల్ ఇన్‌స్ట్రుమెంట్ ఇంజనీర్లు పూర్తి డిజిటల్ ప్రతిపాదన తెచ్చారు. తక్కువ శక్తితో పంపినా సరిపోయే డిజిటల్ సంకేతం ఆ ఖాళీలలో ఇబ్బంది లేకుండా ఇమిడింది. పోటీకి వచ్చిన పద్ధతులను పరీక్షించిన తరువాత 1993 ఫిబ్రవరిలో జపాన్ వారి నారో మ్యూజ్ (6 మెగాహెర్ట్జ్‌లో పట్టేలా కుదించిన మ్యూజ్) పోటీ నుంచి తప్పుకుంది. మిగిలిన నాలుగూ డిజిటల్ పద్ధతులే. మేలో ఆ పోటీదారులంతా ‘గ్రాండ్ అలయన్స్’గా ఒక్కటయ్యారు. కమిషన్ 1996 డిసెంబరులో ప్రమాణాన్ని ఆమోదించింది.

ఆర్కే_విశాఖ:

తరంగిణి గారి వివరణతో ఏకీభవిస్తాను గానీ, నిబంధన పెట్టినంత మాత్రాన యంత్రం తయారు కాదు. హెచ్‌డీ చిత్రానికి సెకనుకు దాదాపు 100 కోట్ల బిట్లు కావాలి. 6 మెగాహెర్ట్జ్ చానల్‌లో పట్టేది సుమారు 1.94 కోట్లు. ఆ యాభై రెట్ల తేడాను పూడ్చిన సమాచార కుదింపుకు, అంటే కంప్రెషన్‌కు మూలం అంతకు చాలా ముందే ఉంది. బెంగళూరులో పుట్టి కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో పనిచేసిన నసీర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావులతో కలిసి 1974లో ఒక గణిత పద్ధతిని, డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్‌ను ప్రచురించారు. దీనికోసం నిధులు కోరితే అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ నిరాకరించిందని అహ్మద్ గారే చెప్పారు!

చిత్రాన్ని 8×8 బిందువుల గళ్లుగా విడగొట్టి ఈ గణితం ప్రయోగిస్తే, ఒక్కో గడిలోని 64 సంఖ్యలలో చాలావరకు సున్నాకు దగ్గరగా వస్తాయి. కంటికి ఆనని వాటిని వదిలేయవచ్చు. దీనికి తోడు, ముందరి చిత్రంలోని ఏ భాగం ఎటు జరిగిందో చెప్పి, మిగిలిన తేడాను మాత్రమే పంపుతారు. అమెరికా ప్రమాణంలో వాడిన ఎంపెగ్-2 అనే కంప్రెషన్ పద్ధతి చేసేది ప్రధానంగా ఈ రెండే. వాన పడినప్పుడు డీటీహెచ్ బొమ్మ చుక్కలు చుక్కలుగా కాక గళ్లుగళ్లుగా చెదిరిపోవడానికి కారణం కూడా ఇదే.

సంకేత:

ఇద్దరికీ కృతజ్ఞతలు. అయితే మన ఇళ్లలోని సెట్‌టాప్ బాక్సులు ఈ అమెరికా ప్రమాణానివేనా?

తరంగిణి:

కావు. కంప్రెషన్ మూలం ఒకటే అయినా, ప్రసార పద్ధతి యూరప్‌లో 1993లో మొదలైన డీవీబీ అనే డిజిటల్ ప్రసార ప్రమాణాలది. నేల మీది టవర్ల నుంచి పంపడానికి అమెరికా సమాచారాన్ని మోసే ఒకే వాహక తరంగాన్ని ఎంచుకుంటే, యూరప్ సమాచారాన్ని వేల చిన్న వాహక తరంగాలకు పంచింది. భవనాలను తాకి ఆలస్యంగా వచ్చే ప్రతిధ్వనులను ఈ రెండో పద్ధతి బాగా తట్టుకుంటుంది. ఆ విషయంలో యూరప్ నిర్ణయమే మెరుగని నా అభిప్రాయం.

మన దగ్గర డిజిటల్ టీవీ టవర్ల ద్వారా కంటే డిష్, కేబుల్ ద్వారానే ఇళ్లకు చేరింది. దూరదర్శన్ ఉచిత డీటీహెచ్ 2004 డిసెంబరులో వచ్చింది. కేబుల్‌ను డిజిటల్‌కు మార్చడానికి హైదరాబాద్, విశాఖపట్నాలకు ప్రభుత్వం పెట్టిన గడువు 2013 మార్చి 31. ఇక్కడా ప్రధాన కారణం బొమ్మ నాణ్యత కాదు. ఎన్ని ఇళ్లకు కనెక్షన్ ఉందో ఆపరేటర్ చెప్పిందే లెక్కగా ఉండేది. ప్రతి ఇంట్లోనూ బాక్సు పెడితే ఆ లెక్క చానళ్లకూ, పన్నుల శాఖకూ తెలుస్తుంది.