వీడియో చూస్తే అర్థమవుతోంది, లెక్క చేయమంటే రావడం లేదు. ఏం చేయాలి?

అడిగినవారు: సూర్యాపేట దగ్గర పల్లె నుంచి ఒక తల్లి

మా అమ్మాయి ప్రభుత్వ పాఠశాలలో పదో తరగతి చదువుతోంది. సాయంత్రం వాళ్ల నాన్న ఫోను తీసుకుని భౌతికశాస్త్రం వీడియోలు చూస్తుంది. అర్థమైందా అంటే అర్థమైంది అంటుంది. నోటుపుస్తకం ముందు పెడితే మాత్రం పెన్ను కదలదు. నిన్నటి లెక్క ఇది: 20 సెం.మీ. నాభ్యంతరం ఉన్న కుంభాకార కటకం ముందు 30 సెం.మీ. దూరంలో వస్తువు ఉంది, ప్రతిబింబం ఎక్కడ? తను 12 సెం.మీ. అని రాసింది. పుస్తకం వెనుక 60 అని ఉంది. ఫోను ఇవ్వడం మానేద్దామని మా ఆయన అంటున్నారు. మా ఊళ్లో ట్యూషన్ చెప్పేవారు లేరు. ఉన్న ఆ ఒక్క దారీ మూసేయడానికి నాకు మనసు రావడం లేదు.

జవాబు: భౌతికశాస్త్రం ఉపాధ్యాయుడు, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల

అమ్మా, ఫోను మానిపించకండి. ముందు ఆ 12 ఎలా వచ్చిందో చూద్దాం. కటక సూత్రం 1/v − 1/u = 1/f (u వస్తుదూరం, v ప్రతిబింబదూరం, f నాభ్యంతరం). ఇందులో వస్తుదూరానికి ఋణ గుర్తు పెట్టాలి, తను పెట్టలేదు. 30ని ధనంగా తీసుకుంటే 1/20, 1/30 కలిసి 1/12 అవుతుంది. −30 తీసుకుంటే 1/60, అంటే 60 సెం.మీ. వీడియోలో ఆ గుర్తు క్షణంలో పడిపోతుంది. చెప్పేవారి చేయి ఆగదు, చూసే పిల్లకు అదంతా తనకూ వచ్చినట్టే ఉంటుంది. ఏళ్లుగా నన్ను బాధపెడుతున్నది ఇదే.

అసలు 12 తప్పని సూత్రం లేకుండానే పట్టుకోవచ్చు. వస్తువు నాభికీ (సమాంతర కిరణాలు కలిసే చోటు, ఇక్కడ 20 సెం.మీ.), దానికి రెట్టింపు దూరానికీ మధ్య ఉంది. అలాంటప్పుడు ప్రతిబింబం అవతలి వైపు 40 సెం.మీ. దాటాకే పడాలి. ముందుగా కిరణ చిత్రం గీసే అలవాటున్న పిల్ల 12 రాగానే ఆగి, వెనక్కి వెళ్లి వెతుకుతుంది.

ఇలా చేయించండి. వీడియోలో లెక్క చదవడం పూర్తికాగానే ఆపేయాలి. కాగితం మీద తన లెక్క తను చేసుకున్నాకే మిగతాది చూడాలి. కొలరాడో విశ్వవిద్యాలయం వారి ‘ఫెట్’ (PhET) అనే తెర మీది ప్రయోగాలు ఉచితం. అందులో కటకం ముందున్న వస్తువును వేలితో జరపవచ్చు. వస్తువు నాభిని దాటి కటకం దగ్గరికి రాగానే ప్రతిబింబం ఇటు వైపుకు మారిపోతుంది. మా తరగతిలో పిల్లలు అక్కడ గట్టిగా అరుస్తారు. నల్లబల్ల మీద నేనెన్ని బొమ్మలు గీసినా ఆ అరుపు రాలేదు.

ఇంట్లో పెద్దవాళ్ల చదువుకునే కళ్లద్దాలు ఉన్నాయా? పవరు +2 అయితే నాభ్యంతరం 50 సెం.మీ. పగటిపూట కిటికీకి ఎదురుగోడ దగ్గర, గోడకు అర మీటరు దూరంలో పట్టుకుని కాస్త ముందుకూ వెనక్కూ జరపమనండి.

కరోనా వేళ, 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణ ప్రభుత్వ విద్యా ఛానల్ టీ-శాట్, దూరదర్శన్ యాదగిరిలో డిజిటల్ పాఠాలు వచ్చినప్పుడు కూడా నేను గమనించింది ఇదే. పాఠం అందరికీ ఒకటే. నేను ఎవరి నోటుపుస్తకం తెప్పించి చూశానో ఆ పిల్లలకే అది నిలిచింది.

జవాబు: డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థి

మాస్టారు గారి మాటలో ఒక్కటి నేను ఒప్పుకోలేను. పునాది లేని విద్యార్థిని మొదటిసారే ఆపి లెక్క చేయమంటే వాడు వీడియోనే మూసేస్తాడు. మా కళాశాలలో ఎలక్ట్రానిక్స్ చెప్పే అధ్యాపకులు లేరు. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి నడిపే ఎన్‌పీటీఈఎల్ (NPTEL) వీడియో పాఠాలే మాకు దిక్కు. నేను ఒకసారి ఆపకుండా మొత్తం చూస్తాను, సగం అర్థం కాకపోయినా సరే. రెండోసారి పెన్ను పట్టుకుని కూర్చుంటాను. ఎదురుగా ఉన్న అధ్యాపకుణ్ణి నాలుగోసారి అడగడానికి నాకు సిగ్గు. వీడియో ఎన్నిసార్లయినా విసుక్కోకుండా చెబుతుంది. ఈ సౌకర్యాన్ని తక్కువగా చూడకండి.

జవాబు: భౌతికశాస్త్రం ఉపాధ్యాయుడు

నువ్వు చెప్పింది నిజమే బాబూ. మొదటిసారి ఆపకుండా చూడనివ్వండమ్మా, రెండోసారి నుంచి ఆపించండి.

అడిగినవారు

మాస్టారు గారూ, మా మామగారి కళ్లద్దాలతో చేసింది. గోడ మీద కిటికీ ఊచలు తలకిందులుగా పడ్డాయి, బయటి వేపచెట్టు కూడా! ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించింది. ఇప్పుడు కొత్త ప్రశ్న పెట్టింది: అద్దంలో పైసగం మూసేస్తే బొమ్మలో సగం పోతుందా? ఫోనులో వెతకబోతుంటే నేను ఆపాను. ఏం చెప్పమంటారు?

జవాబు: భౌతికశాస్త్రం ఉపాధ్యాయుడు

ఆపి మంచి పని చేశారు. అట్టముక్కతో పైసగం మూసి చూడమనండి. బొమ్మ ఎంత మిగిలింది, వెలుతురు ఎంత మిగిలింది, రెండూ విడివిడిగా రాయాలి. తర్వాత కిరణ చిత్రంలోనూ కటకం పైసగాన్ని మూసి, వస్తువు కొన నుంచి కిందిసగం గుండా వెళ్లే కిరణాలు ఎక్కడ కలుస్తాయో గీయమనండి. గీశాక వీడియోతో సరిచూసుకోవచ్చు. ఆ కాగితం ఫొటో ఇక్కడ పెట్టండి, నేను చూస్తాను.