సమస్య: తండ్రి విడిచి పోవ తనయ మురిసె

నిర్వాహకుడు: ఆటవెలది పద్యానికి చివరి పాదం ఇచ్చాను, మిగతా మూడు పాదాలు మీరు పూరించాలి. నేపథ్యం అమెరికన్ గాయని కెల్లీ క్లార్క్‌సన్ పాట ‘పీస్ బై పీస్’ (2015). ఆమెకు ఆరేళ్లప్పుడు నాన్న ఇల్లు విడిచాడు. తన కూతురికి ఆ గతి పట్టదని, భర్త మంచి తండ్రి అని పాడుకున్న పాట. 2016 ఫిబ్రవరిలో, రెండో బిడ్డ కడుపులో ఉండగా, ‘అమెరికన్ ఐడల్’ అనే టీవీ పాటల పోటీ వేదికపై పాడుతుంటే గొంతు పూడుకుపోయింది. న్యాయనిర్ణేత కీత్ అర్బన్ కూడా కన్నీళ్లు పెట్టుకున్నారు. మరి మురిసిన తనయ ఎవరు?

చకోరి:
మద్య మనెడి మత్తు మందులో పడియుండి
బిడ్డ పిలుపు వినని పెద్దవాడు
మనసు మార్చు కొనుచు మైకంబు నంతయు
తండ్రి విడిచి పోవ తనయ మురిసె

పాటసారి:
ఆరు వత్సరముల యాడపిల్ల నపుడు
నాన్న వీడి పోయె, నవ్వ గలదె?
ఎవ్వ రనిరి మీకు నింత దారుణముగ
“తండ్రి విడిచి పోవ తనయ మురిసె”

కలువ:
అమ్మ కపుడు లేని యాసరా దొరికెను
బిడ్డ కిపుడు; సంజె వేళ నతడు
వచ్చు ననుచు నమ్మి, బడివాకిటను దించి
తండ్రి విడిచి పోవ తనయ మురిసె

నిర్వాహకుడు: చకోరి గారూ, గణయతులు (ఛందస్సు నియమాలు) నిర్దుష్టం. కానీ మైకాన్ని ‘విడువ’ అంటే చాలు. ‘పోవ’ పాదపూరణానికే మిగిలింది. పైగా తాగుడు మానిన తండ్రి కథ ఈ పాటది కాదు. పాటసారి గారు సమస్యను ఇతరుల నోట పెట్టి ఖండించారు. పాత ఉపాయమే, అయినా ‘నవ్వ గలదె’ దగ్గర నాకు గుండె పట్టేసింది.

కలువ గారి పూరణంలో ‘విడిచి’, ‘పోవ’ రెండూ పని చేశాయి. పాటలో బడి లేదు. అయినా తండ్రి వెళ్లినా మళ్లీ వస్తాడన్న ధీమా తల్లికి దక్కనిది, బిడ్డకు దక్కినది. పాట ప్రాణమంతా అక్కడే ఉంది. ఒక్క లోపం: నమ్మినది బిడ్డ, దించినది తండ్రి. ‘నమ్మి’, ‘దించి’ అనే రెండు క్త్వార్థకాలు (అసమాపక క్రియలు) పక్కపక్కన పడి అన్వయం తడబడింది.

చకోరి: ఒప్పుకుంటాను. కానీ కెల్లీ దంపతుల విడాకులు 2022లో ఖరారయ్యాయి. ‘ఆసరా దొరికెను’ అన్నది నిలుస్తుందా?

నిర్వాహకుడు: విడిపోయింది భార్యాభర్తలు. పద్యంలో ఉన్నది తండ్రీకూతుళ్లు. నిలుస్తుంది. కలువ గారూ, మూడో పాదం సవరించి పంపండి.