ఇంటిపేరుకి ఒక్క లైనులో అర్థం రాయవచ్చా?

పట్టిక_పని
దేశదేశాల ఇంటిపేర్లకు అర్థాల పట్టిక తయారుచేస్తున్నాను. పేరు, భాష, ఒక్క లైనులో అర్థం. ఇప్పటికి 400 దాటాయి. మచ్చుకి కొన్ని:

స్మిత్ – ఇంగ్లిష్ – కమ్మరి
ప్రైస్ – ఇంగ్లిష్ – ధర
లీ – చైనీస్ – ప్లమ్ చెట్టు
కిమ్ – కొరియన్ – బంగారం
శాంటోస్ – స్పానిష్ – పునీతులు
యిల్మాజ్ – టర్కిష్ – జంకనివాడు
వాషింగ్టన్ – ఇంగ్లిష్ – వస్సా అనే ఆయన మనుషులు ఉండే ఊరు

తప్పులుంటే చెప్పండి. అసలు ఇలాంటి పట్టిక వల్ల ఉపయోగం ఉందా అన్నది కూడా చెప్పండి.

మూలధాతువు
ఉపయోగం ఉంది, ఆపకండి. ముందు ప్రైస్ కొట్టెయ్యండి. అది ధర కాదు, ఇంగ్లిష్ మాటే కాదు. వెల్ష్ భాషలో ‘ఆప్’ అంటే కొడుకు. రీస్ కొడుకు ఆప్ రీస్. పలకగా పలకగా ముందున్న ‘ఆ’ రాలిపోయి, ‘ప్’ పక్క పేరుకి అతుక్కుని ప్రైస్ అయింది. ఆప్ హవెల్ పావెల్ అయ్యాడు, ఆప్ రిచర్డ్ ప్రిచర్డ్ అయ్యాడు. అచ్చు ముందు ఆప్ కాస్తా ‘ఆబ్’ అవుతుంది కాబట్టి ఆబ్ ఓవెన్ బోవెన్ అయ్యాడు. పేరు ఇంగ్లిష్ మాటలా కనబడగానే ఇంగ్లిష్ నిఘంటువు తెరవడం, ఇలాంటి పట్టికలన్నీ చెడేది అక్కడే.

రెండోది లిపి. ‘లీ’ అని ఒక్క ఎంట్రీ పెడితే కుదరదు. చైనాలో అది ప్లమ్ చెట్టు. ఇంగ్లండ్‌లో అడవి నరికి చదును చేసిన జాగా. రెంటికీ ఏ చుట్టరికమూ లేదు. దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది: మాండరిన్‌లో చెన్, కాంటనీస్‌లో చాన్, హొక్కియెన్‌లో టాన్, వియత్నాంలో ట్రాన్, నాలుగింటికీ మూలం ఒకే చైనా అక్షరం. మీ పట్టికలో అవి నాలుగు పేర్లుగా పడి ఉంటాయి, చూసుకోండి.

అందుకని ఒక్కో పేరుకి ఈ వరస పాటించండి. మొదట పేరును దాని సొంత లిపిలో, గుర్తులతో సహా రాసుకోండి. తర్వాత తోకను విడదీయండి: స్పానిష్ ‘ఎజ్’, రష్యన్ ‘ఓవ్’, ఆర్మేనియన్ ‘యాన్’, స్వీడిష్ ‘సొన్’ తండ్రి పేరుకి తగిలించేవి. ఆ తర్వాత అదే ధ్వని ఇంకే భాషలో ఉందో వెతకండి. అర్థం చివర్న రాయాలి.

పాత_దస్త్రం
వరస బాగుంది, కానీ అందులో తేదీ లేదు. అర్థం కాలమ్ కంటే ముందు తేదీ కాలమ్ పెట్టండి. ఆ దేశంలో ఇంటిపేరు అందరికీ తప్పనిసరి అయింది ఎప్పుడు? నెదర్లాండ్స్ 1811, జపాన్ 1875, కొరియా 1909, టర్కీ 1934. ఆ తేదీకి ముందు ఆ కుటుంబానికి పేరుందో లేదో తేలకుండా అర్థం రాస్తే, చదివేవాళ్ళు దాన్ని ఆ కుటుంబం చరిత్ర అనుకుంటారు.

కిమ్ సంగతే చూడండి. బంగారం అని చదవగానే బంగారు పెట్టెలో దొరికిన పసివాడి కథ, బంగారు గుడ్డులోంచి పుట్టిన సురో రాజు కథ గుర్తొస్తాయి, కిమ్‌లంతా రాజవంశం అనిపిస్తుంది. 2015 జనగణనలో దక్షిణ కొరియా జనంలో కిమ్‌లు 21.5 శాతం. ఐదుగురిలో ఒకరు! కొరియాని పూర్వం ఏలిన చోసన్ రాజ్యంలో దాసులకి ఇంటిపేరు లేదు, సామాన్యుల్లోనూ చాలామందికి లేదు. తర్వాత డబ్బిచ్చి వంశావళి పుస్తకంలో చోటు కొనుక్కున్నవాళ్ళున్నారు. 1909 పౌర నమోదు చట్టం వచ్చాక ఏదో ఒక పేరు రాయించక తప్పలేదు. కొత్తగా రాయించుకునేవాళ్ళు ఊళ్ళో గౌరవం ఉన్న పేరే రాయించుకున్నారు. వాళ్ళ ఇంట్లో బంగారం ఎక్కడిది?

మూలధాతువు
ఆ అక్షరానికి అర్థం బంగారం. అవునా, కాదా?

పాత_దస్త్రం
లోహం అన్నప్పుడు దాన్ని ‘గుమ్’ అని చదువుతారు, ఇంటిపేరు అన్నప్పుడు ‘గిమ్’ అని. కొరియావాళ్ళే పలకడంలో రెంటినీ విడదీశారు.

మూలధాతువు
పలుకు మారితే అక్షరం మారిపోతుందా? గిమ్హే, గింపో అన్న ఊళ్ళ పేర్లలో కూడా ‘గిమ్’ అనే చదువుతారు. అడిగింది అక్షరం అర్థం, చెప్పాను. కుటుంబానికి బంగారం ఉందని నేనెక్కడా అనలేదు.

గాలివాటు
కొరియాలో వట్టి కిమ్ అంటే సగం పేరే. ఏ ఊరి కిమ్ అన్నది ‘బొన్‌గ్వాన్’ చెబుతుంది: గిమ్హే కిమ్, గ్యొంగ్జు కిమ్ వేర్వేరు వంశాలు. ఇంటిపేరూ బొన్‌గ్వానూ రెండూ కలిస్తే పెళ్ళి కుదరదని పౌరచట్టం 809వ అధికరణం ఉండేది. 1997లో రాజ్యాంగ న్యాయస్థానం అది చెల్లదంది, 2005లో చట్టం మార్చారు. పట్టికలో బొన్‌గ్వాన్‌కి ఇంకో గడి కావాలి.

చిన్నచుక్క
అమెరికా పేర్లు మాత్రం నమ్మకండి. వలసవచ్చినవాళ్ళని తనిఖీ చేసే న్యూయార్క్ రేవు, ఎల్లిస్ ఐలాండ్‌లో దిగగానే అధికారులు నోటికొచ్చినట్టు మార్చి రాసేశారు కదా.

నీలిసిరా
అలా జరగలేదండీ. అక్కడి ఇన్‌స్పెక్టర్ల చేతిలో ఉండేది ఓడ కంపెనీ బయల్దేరిన రేవులోనే రాసిన ప్రయాణికుల జాబితా. మనిషిని ఆ జాబితాతో సరిచూసుకోవడమే వాళ్ళ పని. పేర్లు మారింది తర్వాత, పనిచేసే చోట, బడిలో, పౌరసత్వం తీసుకునేటప్పుడు. 1906 చట్టం నుంచి పౌరసత్వం ఇచ్చే కోర్టులోనే పేరు కూడా మార్చుకునే వీలుండేది. ఇక స్మిత్ గురించి: అమెరికాలో స్మిత్‌లు కొందరు అసలు జర్మన్ ష్మిట్‌లు. అదీ కమ్మరే కాబట్టి అర్థం తప్పదు, భాష గడి తప్పుతుంది.

పాత_దస్త్రం
శాంటోస్‌కి వద్దాం. ఈ పేరున్నవాళ్ళు ఫిలిప్పీన్స్ నిండా ఉన్నారు. మీ పట్టిక ‘స్పానిష్’ అంటుంది, చదివినవాడు స్పెయిన్ రక్తం అనుకుంటాడు. జరిగింది వేరు. క్రైస్తవం తీసుకున్నవాళ్ళు శాంటోస్, క్రూజ్ లాంటి పేర్లు తమకు తోచినట్టు పెట్టుకున్నారు. ఒకే ఇంట్లో అన్నదమ్ములకు కూడా పేరు కలిసేది కాదు, పన్నుల లెక్క తేలేది కాదు. 1849 నవంబరు 21న అప్పట్లో అక్కడ పాలించిన స్పెయిన్ గవర్నర్ క్లావేరియా ఆజ్ఞ ఇచ్చాడు. సుమారు 60 వేల పేర్లున్న అక్షరక్రమ జాబితాను జిల్లాలకు పంచారు. కొన్నిచోట్ల ఊరికి ఒక అక్షరం వంతున పేర్లు ఇచ్చేశారు. అల్బాయ్‌లోని ఓవాస్ ఊళ్ళో ఇప్పటికీ ‘ర’తో మొదలయ్యే ఇంటిపేర్లు ఎక్కువ. నాలుగు తరాలుగా వాడుతున్నామని చూపించగలిగినవాళ్ళు పాతపేరు ఉంచుకోవచ్చన్నారు. మిగిలిన చాలామందికి జాబితాలోంచే వచ్చింది. అందులో చెట్ల పేర్లు, ఖనిజాల పేర్లు, స్థానిక భాషల మాటలు కూడా ఉన్నాయి. అలా వచ్చిన పేరుకి నిఘంటువు అర్థం రాసి ఏం ప్రయోజనం?

యిల్మాజ్ కూడా అంతే. 1934 జూన్ చట్టం ప్రకారం రెండేళ్ళలోగా అందరూ ఇంటిపేరు ఎంచుకోవాలి. పదవుల పేర్లు, తెగల పేర్లు, పరజాతి పేర్లు కుదరవు. తర్వాత వచ్చిన నియమావళి యాన్, విచ్, పులోస్ లాంటి తోకలు తగిలించుకోవద్దంది. ఆర్మేనియన్‌కి, గ్రీకుకి తన ఉనికి చెప్పే తోక అదే. ‘జంకనివాడు’ అని మీరు రాస్తే అది పౌరుషం పేరులా కనిపిస్తుంది. గడువులోగా నమోదు చేయించాల్సి వచ్చిన పేరు అని ఎక్కడా కనిపించదు.

మూలధాతువు
మీకు పదానికి అర్థం చెప్పడం అంటేనే గిట్టదు. మూడేళ్ళుగా ఏ థ్రెడ్‌లో వ్యుత్పత్తి రాసినా కింద మీ పోస్ట్ ఒకటి, “తేదీ ఏది, దస్త్రం ఏది” అని. ఆప్ రీస్ ప్రైస్ ఎలా అయిందో ఏ దస్త్రమూ చెప్పదు, ధ్వని చెబుతుంది. ధ్వని తెలియకపోతే మీ దస్త్రంలో ఉన్న రెండు రాతలు ఒకే పేరని మీకూ తెలియదు.

పాత_దస్త్రం
ధ్వనితో నాకు గొడవ లేదు. వాషింగ్టన్ దగ్గర ఉంది. పట్టికలో ఏం రాశారో మళ్ళీ చదవండి: వస్సా అనే ఆయన మనుషులు ఉండే ఊరు. ఇంగ్లండ్‌లో ఒక ఊరి పేరుగా ఆ వ్యుత్పత్తి సరైనదే. కానీ 2000 అమెరికా జనగణనలో వాషింగ్టన్ అనే ఇంటిపేరున్నవాళ్ళలో 90 శాతం నల్లజాతివాళ్ళు. వాళ్ళ పూర్వీకులను ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చి అమ్మారు, సొంత పేర్లు పీకేశారు. వాళ్ళ మనవడు మీ పట్టిక తెరిస్తే వస్సా కనిపిస్తాడు. మాల్కం లిటిల్ అనే అమెరికా నల్లజాతి నాయకుడు ఆ ‘లిటిల్’ కొట్టేసి ‘ఎక్స్’ అని రాసుకున్నది ఎందుకు? ఆ పేరు తన తాతలది కాదు, తాతలను ఆస్తిగా పెట్టుకున్నవాడిది అని. అలాంటి పేరు పక్కన ‘లిటిల్ అంటే చిన్నవాడు’ అని రాసి ఊరుకుంటారా? అది తప్పు అనడం లేదు. అన్యాయం అంటున్నాను.

గాలివాటు
ఇన్ని పోస్టులు కిమ్ గురించి కొట్టుకుని, అసలు మాట ఇప్పుడు చెప్పారు.

మూలధాతువు
సరే, అదే మాట్లాడదాం. మీరు చెప్పేదాంట్లో ఆ పేరు మోసినవాళ్ళు ఎప్పుడూ ఇంకొకరు అంటగట్టింది భరించినవాళ్ళే, ఎంచుకున్నవాళ్ళు కారు. నేను ఒప్పుకోనిది ఇది. నల్లజాతి విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్ బానిసగా పుట్టాడు, ఇంటిపేరు లేదు. బడిలో హాజరు పిలుస్తుంటే తక్కిన పిల్లలకు రెండేసి పేర్లున్నాయని గమనించాడు. తన వంతు రాగానే ‘బుకర్ వాషింగ్టన్’ అన్నాడు. సవతి తండ్రి పేరు వాషింగ్టన్ ఫెర్గూసన్. ఇందులో యజమాని ఎక్కడున్నాడు? బానిసత్వంలో ఉండగానే తమలో తాము ఇంటిపేర్లు వాడుకున్న కుటుంబాలున్నాయి. యజమానుల లెక్కల పుస్తకాల్లో అవి ఎక్కలేదు. దస్త్రాన్నే నమ్మితే ఆ పేర్లు లేనట్టే. దస్త్రం రాసింది ఎవరో మీకు నేను చెప్పాలా?

నీలిసిరా
ఈ ముక్క చాలా ముఖ్యం. విముక్తి తర్వాత మొదటి జనగణన 1870ది. అంతకుముందు 1850, 1860ల్లో బానిసల జాబితాలు వేరుగా ఉండేవి, వాటిలో యజమాని పేరు కింద వయసు, లింగం, రంగు రాసేవారు, మనిషి పేరు దాదాపు ఎక్కడా ఉండదు. 1870లో కనిపించే ఇంటిపేరు చివరి యజమానిదే అనుకుని 1860 జాబితాలో ఆ పేరున్న యజమానిని వెతికితే తప్పుదారి పడతారు. చాలామంది చివరి యజమాని పేరు పెట్టుకోలేదు.

పాత_దస్త్రం
ఒప్పుకుంటున్నాను. దస్త్రంలో లేనిది లేదని నేను అనకూడదు. కానీ బుకర్ ఎంచుకున్నాడు కాబట్టి ఆ పేరు వస్సా దగ్గరికి తిరిగి వెళ్ళదు కదా. ఆయన ఎంచుకున్నది ఒక మనిషి పేరు, ఊరి పేరు కాదు. ఆయన వరకూ వాషింగ్టన్ అంటే అర్థం అదే.

పట్టిక_పని
ప్రైస్ సరిచేశాను. లీని రెండు చేశాను, చెన్‌తో మొదలైన నాలుగింటినీ కలిపాను, కిమ్‌కి బొన్‌గ్వాన్ గడి చేర్చాను. వాషింగ్టన్ ఇలా మార్చాను, చూడండి:

“వాషింగ్టన్ – పదం: పాత ఇంగ్లిష్ ఊరి పేరు, వస్సా మనుషుల ఊరు. ఇంటిపేరుగా: ఇంగ్లండ్‌లో ఊరిని బట్టి. అమెరికాలో 1865 తర్వాత విముక్తులైన నల్లజాతివారికి వచ్చిన పేరు. ఊరి అర్థం వీరికి వర్తించదు.”

మూలధాతువు
‘వచ్చిన’ తీసేసి ‘తీసుకున్న’ అని పెట్టండి. ‘1865 తర్వాత’ కూడా తీసెయ్యండి, ముందే వాడుకున్నవాళ్ళున్నారు.

పాత_దస్త్రం
‘తీసుకున్న’ అందరికీ సరిపోదు. ‘తీసుకున్న, లేదా పెట్టబడిన’ అని ఉంచండి. తేదీ తీసేయడానికి అభ్యంతరం లేదు.

మూలధాతువు
‘తీసుకున్న’ ముందుండాలి.

పాత_దస్త్రం
ముందే ఉంచండి. శాంటోస్‌కి కూడా ఇదే పద్ధతి: స్పెయిన్ ఒక ఎంట్రీ, ఫిలిప్పీన్స్ ఇంకో ఎంట్రీ, దాని కింద 1849కి ముందా తర్వాతా అన్న గడి.