తోట రైలు సొరంగం: సిమెంటు కొండా, చెక్కిన ఫోమా?

తోటలో నడిపే బొమ్మ రైలుకు సొరంగం ఎలా కట్టాలన్నదానిపై మీటర్‌గేజ్, రాతిపొర, సిగ్నల్‌క్యాబిన్ అనే మారుపేర్లతో ముగ్గురి చర్చ ఇది.

మీటర్‌గేజ్: ఆరుబయట 45 మి.మీ. గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం) పట్టా, దాని మీద 1.8 మీటర్ల పొడవు సొరంగం, పైన చెక్కిన కొండ. చికెన్ మెష్ (సన్నటి ఇనుప తీగ వల) మీద సిమెంటు పూయాలా, ఎక్స్‌పీఎస్ ఫోమ్ (గట్టి పాలీస్టైరీన్ నురగ) పలకలు అతికించి చెక్కాలా? నా ఓటు ఫోమ్‌కే. ముక్కలుగా ఎత్తి పక్కన పెట్టుకోవచ్చు. చెక్కడంలో తప్పు జరిగితే ఆ ముక్క కోసేసి కొత్తది అతికించొచ్చు. జిగురు మాత్రం పాలీయురేథేన్‌దే వాడాలి. సాల్వెంట్ జిగురు ఫోమ్‌ను తినేస్తుంది.

రాతిపొర: ఎత్తడం తేలికే, ఎండకు ఆగాలి కదా! ఎక్స్‌పీఎస్ వ్యాకోచం సిమెంటుకు దాదాపు ఏడు రెట్లు. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు పెరిగితే మీటరు ఫోమ్ 2 మి.మీ. సాగుతుంది, సిమెంటు 0.3 మి.మీ. మాత్రమే. ఫోమ్ మీద వేసే 3 మి.మీ. సిమెంటు పూత వెంట్రుకవాసి బీటలిస్తుంది, నీరు దిగుతుంది, పెచ్చులూడతాయి. ఎండ తగిలిన ఫోమ్ పసుపు పొడిగా రాలిపోతుంది. లోపల చీమలు గూడు పెట్టడం వేరే తలనొప్పి.

సిమెంటైతే 12 మి.మీ. మెష్ రెండు పొరలు, ఆకారానికి 6 మి.మీ. ఊచలు. బరువు లెక్కన సిమెంటు ఒక పాలు, ఇసుక రెండు పాళ్లు, నీరు సిమెంటులో 0.4 నుంచి 0.45 వంతు. మెష్‌లోకి దూరేలా నొక్కి మొత్తం 20–25 మి.మీ. మందం తేవాలి. చెక్కే అదును ముఖ్యం: గోటితో గీస్తే గీత పడాలి, వేలికి అంటకూడదు. ముందే చెక్కితే రాతి అంచులు జారిపోతాయి, ఆలస్యమైతే ఇసుక రేణువులు ఊడి గుంటలు పడతాయి. తర్వాత తడి గోనెపట్టా కప్పి 7 రోజులు ఉంచాలి. ఐరన్ ఆక్సైడ్ రంగు సిమెంటు బరువులో 5 శాతం దాటించకండి.

మీటర్‌గేజ్: బీటలు నిజమే, అయితే కొండను ఒకే ముక్కగా చేసినప్పుడే ఎక్కువ. 50 సెం.మీ. ముక్కలుగా చేసి, అతుకును రాతి పగులులా చెక్కితే కదలిక అక్కడే సర్దుకుంటుంది. పూతలో ఆల్కలీని తట్టుకునే గాజు వల ఉండాలి. మామూలు గాజు వలను సిమెంటు క్షారం తినేస్తుంది. మరి మీ ఇనుప మెష్ సంగతి? రైలును నడిపే 2.4 గిగాహెర్ట్జ్ రిమోట్ సిగ్నల్ దాన్ని దాటి లోపలికి రావడం కష్టం.

సిగ్నల్‌క్యాబిన్: ఇద్దరూ చెయ్యి ఎక్కడి దాకా అందుతుందో చూడలేదు. పట్టా తప్పిన పెట్టెను తీయడానికి చెయ్యి 60 సెం.మీ. లోపలికే వెళ్తుంది. 1.8 మీటర్లలో రెండు వైపుల నుంచీ 60 చొప్పున పోతే మధ్య 60 సెం.మీ. అందదు. అక్కడ మూత తప్పనిసరి. వంపులో పెట్టె నడుము లోపలికి, కొసలు బయటికి జరుగుతాయి. అందుకే అతి పొడవైన పెట్టెకు అట్టముక్క అతికించి, అన్ని వైపులా 15 మి.మీ. ఖాళీ ఉండేలా నడిపించి చూశాకే గోడ గీత గీయండి. నీరు నిలవకుండా సొరంగం నేల వాలు నూటికి ఒకటి, కింద కంకర ఉండాలి.

రాతిపొర: మూతకు ఫోమ్ ఒప్పుకుంటాను. 60 సెం.మీ. ముక్కలో సాగుడు తేడా 1 మి.మీ. చిల్లరే. ఆ మూత చుట్టూ సిమెంటు గట్టు 25 మి.మీ. ఎత్తు ఉండాలి, మూత దాని మీదుగా కిందికి దిగాలి, లేకపోతే వాన నేరుగా పట్టా మీదే. పైపూత కూడా కొండకు వాడిన మిశ్రమమే వేయండి. తడిస్తే సిమెంటు ముదురు రంగుకు తిరుగుతుంది, అక్రిలిక్ పూత తిరగదు, వాన పడ్డప్పుడల్లా మూత విడిగా కనిపిస్తుంది. సిగ్నల్ మాటకొస్తే, తిన్నని సొరంగంలో రెండు నోళ్ల నుంచీ అందుతుంది. వంపు తిరిగితేనే మీ వాదనకు బలం. మీ సొరంగం వంపులో ఉందా?

మీటర్‌గేజ్: ఉంది. వ్యాసార్ధం 1.2 మీటర్లు.