సీటుకు ఎర్త్ పెట్టడం అంటే అసలు ఏం పెట్టడం?

గ్రూపులో పెద్దలకు నమస్కారం. అడగాల్సింది ఒక్క మాట గురించే, కానీ దాని వెనకాల ఒక బండి కథ ఉంది, కాస్త ఓపిక పట్టండి.

"ఫలానా వారి సీటుకు ఎర్త్", "చైర్మన్ కుర్చీకి ఎర్త్ పెట్టిన సొంత మనుషులు" ఈ తరహా హెడ్డింగులు పేపర్లలో మీరూ చూసే ఉంటారు. పదవి ఊడగొట్టడానికి గుట్టుగా ఏర్పాట్లు జరుగుతున్నాయని అర్థం, అది అందరికీ తెలిసిందే. ఇన్నేళ్లూ నేను ఏమనుకున్నానంటే, మన "ఎసరు పెట్టడం"కే ఎవరో ఇంగ్లీషు చొక్కా తొడిగారు, ఎసరు, ఎర్త్ రెండూ వినడానికి దగ్గరగా ఉన్నాయి కాబట్టి సరదాకి అన్నది అలా నిలిచిపోయింది అని. కిందటి నెల విశాఖ కంచరపాలెంలో ఒక మెకానిక్ షెడ్డులో మూడు ఆదివారాలు కూర్చున్నాక ఆ నమ్మకం కదిలింది.

మా పెదనాన్నది 1954 బీఎస్‌ఏ బీ31, 350 సీసీ బ్రిటిష్ మోటారుసైకిలు. మొత్తం విప్పించి, ఫ్రేము దగ్గర్నుంచి హెడ్‌లైటు డొప్ప దాకా కొత్త రంగు వేయించాను. రంగు అద్దంలా వచ్చింది. బిగించాక రెండో కిక్కుకే ఇంజను అందుకుంది. లైట్లు మాత్రం లేవు. ముందు లేదు, వెనక లేదు, హారన్ కుయ్ అనలేదు. బ్యాటరీ చూస్తే కొత్తది! ఇంజను అంత బాగా నడుస్తుంటే కరెంటు లేదని ఎలా అనుకుంటాం? కానీ ఆ కాలం బండ్లలో స్పార్కుని మాగ్నెటో తనంతట తనే పుట్టించుకుంటుంది, బ్యాటరీ ఊడదీసి పక్కన పెట్టినా దానికి పట్టదు. లైట్లు, హారన్ మాత్రం డైనమో, బ్యాటరీల కింద బతుకుతాయి. ఈ బండిలో మాగ్నెటో, డైనమో ఒకదాని మీద ఒకటి కూర్చుని ఉంటాయి, మాగ్డైనో అంటారు, ఒకే ఇంట్లో రెండు పొయ్యిలన్నమాట.

మెకానిక్ డెబ్బై దాటిన మనిషి. ఫోన్‌లో వైరింగ్ బొమ్మ చూపిస్తే ఆయన దాని వంక చూడలేదు. ఒక వైరు ముక్క తీసి ఒక కొస బ్యాటరీ ప్లస్‌కి, ఇంకో కొస హెడ్‌లైటు డొప్ప లోపల రంగు అంటని చోట ఆనించాడు. లైటు వెలిగింది. తీశాడు, ఆరింది. మళ్లీ ఆనించి నా మొహం చూసి, "ఎర్త్ నేదు బాబూ. కరెంటు ఎల్తంది, ఎనక్కి రాడానికి దారి నేదు" అన్నాడు.

దొంగ ఎక్కడున్నాడంటే, సీటు కింద బ్యాటరీ పట్టీని ఫ్రేముకి బిగించే బోల్టు దగ్గర. రెగ్యులేటర్ (డైనమో కరెంటుని అదుపులో పెట్టే డబ్బా) ఎర్త్ వైరు కూడా అదే బోల్టుకి ఉంది. ఆ బోల్టు కింద నా అద్దంలాంటి రంగు రెండు పొరలు. హాక్సా బ్లేడు ముక్కతో రూపాయి బిళ్ళంత మేర గీకితే ఇనుము తెల్లగా తళతళలాడింది, కొంచెం వ్యాజిలిన్ రాసి బిగించాడు (సముద్రం ఊరు కదా, ఊరికే వదిలేస్తే నాలుగు నెలల్లో తుప్పు), అంతే, అన్నీ వెలిగాయి.

ఇక మాట దగ్గరికి వస్తాను. ఆ షెడ్డులో ఎర్త్ అనే మాట కనీసం మూడు రకాలుగా విన్నాను. "ఎర్త్ ఇయ్యి" అంటే బాడీకి కలుపు అని, అది మంచి పని. "ఎర్త్ నేదు" అంటే జబ్బు. "ఎర్త్ అయిపోనాది" అంటే ఎక్కడో వైరు ఒలిచిపోయి బాడీకి తగిలేసింది అని, అది ఇంకో జబ్బు. ఒకే మాట మందూ అదే, రోగమూ అదే. పేపరు వాళ్ల "ఎర్త్ పెట్టడం" ఈ మూడింటిలో దేనికి చుట్టం? లేక ఎసరుకి పెంపుడు కొడుకేనా?

తెలుగు టీచర్, మధురవాడ:
ఎసరు మాట ఒప్పుకుంటాను గానీ, ఇంకోటి మరిచిపోయారు. "నోట్లో మట్టి కొట్టాడు" అంటాం. "మన్నుపాలు చేశాడు", "మట్టిలో కలిపేశాడు" అంటాం. మట్టికీ ఒకరి బతుకు చెడగొట్టడానికీ తెలుగులో ఎప్పట్నుంచో లంకె ఉంది. ఎర్త్ అంటే మన్ను అని తెలిసినవాడు ఎవడైనా "సీటుకు ఎర్త్" అన్నప్పుడు చెవిలో ఎసరు, మనసులో మట్టి రెండూ పలుకుతాయి. ఒకే పుట్టుక వెతకడం దేనికి?

ఇంతకీ నాకో చిన్న సందేహం. మీ బండి రబ్బరు టైర్ల మీద నిలబడి ఉంటుంది కదా, దానికి భూమితో ఏం సంబంధం?

పోస్టు పెట్టినవాడిని:
మేడమ్, నేనూ సరిగ్గా ఇదే అడిగి నవ్వించుకున్నాను. భూమితో ఏ సంబంధమూ లేదు. ఇంట్లో ఎర్త్ నిజంగానే నేలలోకి దిగుతుంది, బండిలో మాత్రం ఎర్త్ అంటే ఫ్రేము, ఆ ఇనుప ఒళ్లే. ప్రతి బల్బుకీ రెండు వైర్లు కావాలి, ఒకటి పోవడానికి, ఒకటి తిరిగి రావడానికి. తిరిగి వచ్చే వైరు పని ఫ్రేముకి అప్పగించేసి సగం రాగి మిగుల్చుకున్నారు. పేరు మాత్రం పాతదే ఉండిపోయింది.

వైరింగ్ బొమ్మ నాకు అర్థం కాకపోవడానికి కారణం కూడా ఇదే. ప్రతి బల్బు కింద మూడు అడ్డగీతలు ఉంటాయి, కిందికి పోయేకొద్దీ చిన్నవవుతూ. నేను ఒక్కొక్క దాన్నీ ఒక్కో దారి అనుకుని, ఇవన్నీ ఎక్కడికి పోయాయిరా బాబూ అని తల పట్టుకున్నాను. ఆ గుర్తులన్నీ ఒకటే చోటు. పెన్సిల్‌తో వాటన్నిటినీ కలిపి ఒక గీత గీసి, దాన్ని తీసుకెళ్లి బ్యాటరీ ప్లస్‌కి కలపగానే బొమ్మ మొత్తం విచ్చుకుంది. వలయం అనే మాట స్కూల్లో చదివాను గానీ, అది గుండ్రంగా తిరిగి రావాలని ఆ రోజే తెలిసింది.

తెలుగు టీచర్, మధురవాడ:
అయితే ఇది మన వ్యాకరణమే కదండీ! "వచ్చాను" అంటే "నేను" అని వేరే చెప్పం, క్రియ చివరి "ను" చెప్పేస్తుంది. కర్త పోలేదు, రాయలేదు అంతే. మీ బొమ్మలో తిరుగు వైరు కూడా పోలేదు, గీయలేదు. రేపు తొమ్మిదో తరగతిలో వాడేస్తాను, మీ పేరు చెప్పను.

రిటైర్డ్ ఎలక్ట్రీషియన్, సింధియా:
నలభై ఏళ్లు వైర్లతోనే బతికాను. మీరు వదిలేసిన నాలుగో వాడుక చెబుతాను, అది అన్నిటికంటే తమాషా. ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే చెయ్యి జివ్వుమంటుంది, ఇంటావిడ ఫోన్ చేసి "ఫ్రిజ్‌కి ఎర్త్ వస్తోందండీ" అంటుంది. నేను వెళ్లి చూస్తే ఎర్త్ ఉండదు! ఎప్పుడో తీసిన గొయ్యి, ఉప్పు బొగ్గు వేసి పైపు దింపినది, ఎండిపోయి ఉంటుంది, లేదా ప్లగ్గులో మూడో పిన్ను వైరు ఊడి ఉంటుంది. ఎర్త్ లేకపోవడం వల్ల వచ్చిన షాకుకి జనం పెట్టిన పేరు ఎర్త్. జ్వరానికి మందు పేరు పెట్టినట్టు. ఎన్నిసార్లు సరిదిద్దినా మా ఇంట్లో వాళ్లే మానలేదు.

"భూసంధానం" అని పుస్తకాల మాట ఒకటి ఉంది. ఆ మాట అన్నవాడికి నేను ఎప్పుడూ స్క్రూడ్రైవర్ ఇవ్వలేదు.

గాజువాక సభ్యుడు:
గురువుగారూ 😀

అన్నా, నాదీ అలాంటి పాత బండే. మొన్న కుర్రాడు బ్యాటరీ మార్చి ఎప్పటిలాగే మైనస్‌ని బాడీకి బిగించాడు. లైట్లు బాగానే వెలుగుతున్నాయి కానీ ఆమీటర్ (బ్యాటరీలోకి కరెంటు వస్తోందో పోతోందో చూపేది) ముల్లు తిక్కగా ఉంది, లైటు వేస్తే ఛార్జింగ్ వైపు పోతోంది. ముల్లు పాడయిందా?

పోస్టు పెట్టినవాడిని:
తమ్ముడూ, ముందు బండి ఆపు. ముల్లు బాగానే ఉంది, బ్యాటరీ తిరగబడింది. ఈ కాలపు బండ్లన్నిటికీ మైనస్ బాడీకి ఉంటుంది, అందుకే కుర్రాడి చెయ్యి అలా పోయింది, తప్పు పట్టలేం. 1950ల బ్రిటిష్ బండ్లలో చాలావాటికి ప్లస్సే ఎర్త్. బల్బుకి ఎటు నుంచి వచ్చినా ఒకటే కాబట్టి వెలుగుతుంది. డైనమోకి అలా కాదు, దాని ఇనుములో పాత అలవాటు కొంచెం అయస్కాంతంలా మిగిలి ఉంటుంది, అది ఒక వైపు, బ్యాటరీ ఇంకో వైపు ఉండగా రెండూ కలిస్తే కటౌట్ పాయింట్లు మాడిపోతాయి.

ప్లస్ బాడీకి బిగించు. తర్వాత డైనమోకి పాత అలవాటు గుర్తు చేయాలి. ఇంజను ఆపి ఉండగా డైనమో మీది డి, ఎఫ్ వైర్లు రెండూ తీసేసి, బ్యాటరీ మైనస్ నుంచి తెచ్చిన వైరుని ఎఫ్ టెర్మినల్‌కి చటుక్కున తాకించి తీసెయ్యి, రెండు మూడుసార్లు, చిన్న మెరుపు వస్తుంది, పట్టుకుని ఉంచకు. మా మెకానిక్ దీన్ని "డైనమోకి సెప్పడం" అన్నాడు. "ఓపాలి సెప్తే సాలు, ఇనుము మర్సిపోదు."

రెగ్యులేటర్ మీద అక్షరాలు వరుసగా ఎఫ్, ఏ, డి, ఈ అని ఉంటాయి. ఎఫ్ అంటే ఫీల్డ్, ఏ ఆమీటర్ వైపు, డి డైనమో, ఈ ఎర్త్. కలిపి చదివితే ఫేడ్! లైటు మసకబారిన బండి ముందు కూర్చుని ఇది చదువుకున్నవాడి బాధ నాకు తెలుసు.

గాజువాక సభ్యుడు:
కటౌట్ అంటే నాకు జగదాంబ దగ్గర పాలాభిషేకం చేసేదే తెలుసు అన్నా.

రిటైర్డ్ ఎలక్ట్రీషియన్, సింధియా:
అది నిలబెట్టేది, ఇది విడదీసేది. డైనమో నెమ్మదిగా తిరిగినప్పుడు బ్యాటరీ కరెంటు దానిలోకి వెనక్కి పోకుండా కటౌట్ తెగ్గొడుతుంది.

అన్నట్టు తమ్ముడూ, మీ పాత బండ్లలాంటి 6 వోల్టుల బండికి ఎర్త్ విషయంలో 12 వోల్టుల బండి కంటే రెట్టింపు జాగ్రత్త కావాలి. 30 వాట్ల బల్బు 12 వోల్టుల్లో రెండున్నర ఆంపియర్లు తీసుకుంటే 6 వోల్టుల్లో 5 తీసుకుంటుంది. తుప్పు పట్టిన జాయింటు 0.2 ఓమ్ అడ్డుపడిందనుకో, అక్కడే ఒక వోల్టు పోయింది. ఆరులో ఒకటి పోతే వెలుగు ఆరో వంతు తగ్గుతుందనుకుంటారు, కాదు, దాదాపు సగానికి పడిపోతుంది. బీచ్ రోడ్డు దగ్గర ఇల్లున్నవాళ్లు ఏడాదికోసారి ఆ బోల్టు విప్పి గీకాల్సిందే.

పోస్టు పెట్టినవాడిని:
మళ్లీ సీటు దగ్గరికి వస్తాను. మాగ్నెటో బండిని ఆపే బొత్తాం ఏం చేస్తుందో తెలుసా? ఏ వైరునీ తెంపదు. మాగ్నెటో నుంచి వచ్చిన వైరుని బాడీకి తాకిస్తుంది, స్పార్కు ప్లగ్గు దాకా రాకుండానే పోతుంది, ఇంజను చస్తుంది. ఎర్త్ ఇస్తే లైటు వెలుగుతుంది, ఎర్త్ ఇస్తే ఇంజను ఆగుతుంది. పేపరు వాళ్ల ఎర్త్ ఈ రెండోదే అని నా అనుమానం. ఎందుకంటే పదవి పోగొట్టడానికి ఎవరూ కుర్చీ విరగ్గొట్టరు, ఎక్కడో కనబడని చోట ఒక తీగ తాకిస్తారు, మనిషి కుర్చీలోనే ఉంటాడు, చేతిలో పవర్ ఉండదు. ఎసరులో ఈ చప్పుడు లేని తనం లేదు, అది కుతకుతమని ఉడుకుతుంది. రుజువు అడిగితే నా దగ్గర లేదు, కానీ ఇలా అనుకుంటే మాటకి రుచి వస్తోంది.

తెలుగు టీచర్, మధురవాడ:
రుచి ఉంది, ఒప్పుకున్నాను. మట్టిని మాత్రం వదులుకోను.

పోస్టు పెట్టినవాడిని:
నిన్న సాయంత్రం షెడ్డుకి వెళ్లినప్పుడు ఈ చర్చంతా మెకానిక్‌కి చదివి వినిపించాను. గ్రీజు రాసుకుంటూ విన్నాడు. అంతా అయ్యాక, "సీటుకు ఎర్త్ పెట్టారని పేపర్లో రాస్తారండీ, అంటే ఏమిటంటారు?" అని అడిగాను. చేతులు గుడ్డకి తుడుచుకుని బండి వైపు చూపించాడు.

"ఏటుంది బాబూ అందులో, ఎర్త్ సీటు కిందే గదా ఉంటాది."