లిట్టర్‌లో జియోలైట్, దాణాలో బెంటొనైట్: ఎంత వేయాలి? ఏది వద్దు?

ప్రశ్న: తణుకు షెడ్డు

అందరికీ నమస్కారమండి. 5,000 కోళ్ల ఓపెన్ షెడ్డు, ఊక లిట్టర్ (నేల మీద పరిచే పరుపు), నిపుల్ లైన్లు (ముక్కుతో పొడిస్తే నీళ్లొచ్చే గొట్టాలు). బ్యాచ్‌కి ఇవాళ 24వ రోజు. ముసురు పట్టి నాలుగు రోజులుగా పరదాలు తెరవలేదు, తెల్లవారుజామున లోపలికి వెళ్తే కళ్లు మండుతున్నాయి. చెరువులకు వాడే జియోలైట్ (అమోనియాను పట్టుకునే ఖనిజం పొడి) 1,000 చదరపు అడుగులకు 10 కిలోలు చల్లితే వాసన పోతుందని ఆక్వా షాపులో చెబుతున్నారు. పక్క షెడ్డువాళ్లేమో సున్నం చల్లమంటున్నారు. దాణా సొంతంగానే కలుపుతాం. అదే జియోలైట్ టన్నుకు 10 కిలోలు దాణాలో వేస్తే రెట్ట గట్టిపడుతుందట, నిజమేనా? వానల్లో వచ్చిన కొత్త మొక్కజొన్న దింపాం, బూజు భయం కూడా ఉంది.

జవాబు: లిట్టర్ మేనేజ్‌మెంట్

సున్నం మాత్రం పక్షులుండగా వద్దండి. రెట్టలోని నత్రజని అమోనియం రూపంలో ఉన్నంతసేపు లిట్టర్‌లోనే ఉంటుంది. పీహెచ్ (క్షారగుణం కొలత) 7 దాటాక అమోనియా గ్యాసుగా లేవడం మొదలెడుతుంది, కళ్లు మండేది దానికే. తడి లిట్టర్ మీద సున్నం పడితే పీహెచ్ ఒక్కసారిగా ఎక్కి, పట్టి ఉన్నదంతా ఆ రాత్రే పైకి లేస్తుంది. బ్యాచ్ వెళ్లిపోయి షెడ్డు ఊడ్చాక నేలకీ గోడలకీ కొట్టండి, దాని పని అక్కడ.

జియోలైట్ సంగతి లెక్కేసి చూడండి. మంచి క్లినాప్టిలోలైట్ (జియోలైట్‌లో ఒక రకం) కిలో పట్టుకోగలిగేది మహా అయితే 20 గ్రాముల నత్రజని. 10 కిలోలకు 200 గ్రాములు. 1,000 చదరపు అడుగుల్లో తిరిగే 900 పక్షులు బ్యాచ్ మొత్తంలో రెట్టలో వదిలే నత్రజని దాదాపు 40 కిలోలు. అందులో నాలుగో వంతే అమోనియా అయిందనుకున్నా 10 కిలోలు. ఈ 200 గ్రాములు ఏ మూలకు?

అసలు రోగం తేమలో ఉంది. నిపుల్ లైను కింది నుంచి గుప్పెడు లిట్టర్ తీసి గట్టిగా పిసికి వదలండి. లడ్డూలా నిలిస్తే తేమ ఎక్కువైనట్టు. కొంచెం అతుక్కుని వెంటనే విడిపోతే సరిగ్గా ఉన్నట్టు (20 నుంచి 30 శాతం మధ్య). అసలు అతుక్కోకుండా దుమ్ములా రాలితే మరీ పొడి. అట్ట కట్టిన చోటల్లా పారతో ఎత్తి బయట వేయండి, తిరగేసి లోపలే కప్పొద్దు. ఆ జాగాలో కొత్త ఊక అంగుళం మందాన పరవండి. కారే నిపుల్స్ మార్చండి. పక్షి పాదాలు నేలకు ఆనించి మెడ పైకి చాచి తాగేలా లైను ఎత్తండి. పరదా ఎటూ మూయాల్సి వస్తే పైన అడుగు ఖాళీ రాత్రంతా ఉంచండి, వేడి తేమగాలి అటునుంచే పోతుంది. గాలిలో 25 పీపీఎం (పది లక్షల్లో 25 వంతులు) దాటిన అమోనియా శ్వాసనాళంలోని సన్నటి నూగును దెబ్బతీస్తుంది, ఆ తర్వాత ఈకోలై బ్యాక్టీరియా జబ్బు పట్టుకుంటుంది. రోజూ లోపల తిరిగే ముక్కు వాసనకు అలవాటు పడిపోతుంది కాబట్టి బయటి మనిషిని పిలిచి అడగండి.

జవాబు: దాణా ఫార్ములేషన్

ఆక్వా జియోలైట్‌ని దాణాలో కలపకండి. సీసం, ఆర్సెనిక్, డయాక్సిన్ (ఒంట్లో పేరుకుపోయే విషం) పరీక్ష రిపోర్టు లేని ఏ మట్టీ దాణాలోకి రాకూడదు. 1997లో అమెరికాలో కోళ్లలో డయాక్సిన్ బయటపడితే, కూపీ లాగగా అది సోయాపిండి గడ్డకట్టకుండా కలిపిన బాల్ క్లే అనే బంకమట్టి నుంచి వచ్చిందని తేలింది. అదీ గనిలో తవ్వి తీసిన సహజమైన మట్టే.

బూజు భయానికి ముందు మొక్కజొన్న తేమ చూడండి, 13 శాతం దాటితే ఆరబెట్టాకే నిల్వ చేయండి. ఆ తర్వాత ఫీడ్ గ్రేడ్ బెంటొనైట్ (ఒక రకం బంకమట్టి) టన్నుకు 2 నుంచి 3 కిలోలు. అది అఫ్లాటాక్సిన్ అనే బూజు విషాన్ని బాగా పట్టుకుంటుంది. టీ2, ఓక్రాటాక్సిన్ లాంటి వేరే బూజు విషాల విషయంలో దాని మీద ఆశ పెట్టుకోకండి. 10 కిలోల మొక్కజొన్న పిండిలో ముందు కలిపి, ఆ మిశ్రమాన్ని మిక్సర్‌లో వేయండి. నూనె చివర్లో పోయండి, ముందే పోస్తే బెంటొనైట్ ఉండలు కడుతుంది.

కాక్సీడియోస్టాట్ (రక్తవిరేచనాల జబ్బు రాకుండా వేసే మందు) ఉన్న దాణాలో బెంటొనైట్ టన్నుకు 5 కిలోలు దాటకూడదు. వాటిలో రోబెనిడిన్ వాడుతుంటే అసలు వేయొద్దు. టైలోసిన్, టిల్మికోసిన్ అనే యాంటీబయాటిక్‌లు ఇచ్చే రోజుల్లో కూడా ఆపండి, మందును మట్టి పట్టేసుకుంటుంది.

ఇంకో మాట. ఏ మట్టికీ ఎనర్జీ లేదు. ఫార్ములా సరిచేయకుండా టన్నుకు 10 కిలోలు కలిపితే కిలోకు 3,000 కిలోకేలరీల దాణాలో కిలోకు 30 కిలోకేలరీలు పోయినట్టే, ఆ లోటు ఎఫ్‌సీఆర్‌లో (కిలో బరువుకు తిన్న దాణా లెక్కలో) కనిపిస్తుంది.

తణుకు షెడ్డు:

చాలా థాంక్సండి. ఆక్వా జియోలైట్ రెండు బస్తాలు కొనేశాం. లిట్టర్‌లోనైనా వాడొచ్చా?

జవాబు: లిట్టర్ మేనేజ్‌మెంట్

వాడొచ్చండి, ముందు అది జియోలైటో కాదో చూసుకోండి. చెంచాడు పొడి గాజు గ్లాసులో వేసి నిమ్మరసం పిండండి. బుసబుస నురగొస్తే అందులో సున్నపురాయి పొడో మార్బుల్ డస్టో ఉన్నట్టు. అది దాణాలో పడి ఉంటే టన్నుకు 10 కిలోలకే కాల్షియం 0.38 శాతం పెరిగి, ఫాస్ఫరస్ ఒంటికి పట్టక కాళ్లు బలహీనపడి, రెట్ట ఇంకా పలచనయ్యేది. నురగ రాకపోతే కొత్త ఊకలో కలిపి, అట్ట ఎత్తిన జాగాల్లో మాత్రమే వేయండి. మెత్తటి పొడి అయితే పక్షుల మీద చల్లొద్దు, ఆ సిలికా దుమ్ము వాటి ఊపిరికీ మీ ఊపిరికీ మంచిది కాదు. ముక్కుకు గుడ్డ కట్టుకుని, బయటే ఊకలో కలుపుకుని లోపలికి తెచ్చుకోండి.