ఏజెన్సీ ప్రాంతంలో ఉద్యోగ ప్రయాణాలు: జీపీఎస్‌ను ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న: సౌర పంపుసెట్ల మరమ్మతు పనిమీద తరచుగా పాడేరు, చింతపల్లి వైపు వెళ్తుంటాను. ఘాట్ రోడ్డు ఎక్కాక సెల్ సిగ్నల్ పోతే ఫోన్‌లో దారి కనిపించడం లేదు. అనుభవజ్ఞులు దయచేసి పరిష్కారం తెలియజేయగలరు.

జవాబు: జీపీఎస్‌కు సెల్ సిగ్నల్‌తో పని లేదండి, కనీసం 4 ఉపగ్రహాల సంకేతాలు అందితే ఫోన్ తానున్న చోటును లెక్కగట్టుకుంటుంది, ఆగిపోయేది ఇంటర్నెట్ ద్వారా రావలసిన మ్యాపు మాత్రమే. కాబట్టి నర్సీపట్నంలో ఉండగానే ఆ ప్రాంతపు మ్యాపును ఆఫ్‌లైన్‌లో వాడుకునేలా డౌన్‌లోడ్ చేసుకోండి.

మరో జవాబు: పై సలహా సరైనదే. అయితే ముందుగా దించుకున్న మ్యాపుకు రాత్రి వానకు విరిగిపడిన కొండచరియ సంగతి గానీ, పొంగిన వాగు సంగతి గానీ తెలియదు; అందువల్ల వర్షాకాలంలో బయలుదేరే ముందే వెళ్లవలసిన ఊరివారికి ఫోన్ చేసి దారి కనుక్కోవడం తప్పనిసరి.

ఇంకొక జవాబు: చీకటి పడ్డాక దగ్గరి దారి చూపినా, బస్సులు తిరిగే రోడ్డును వదలకండి.